ఈరు, పేను, పెరుమాళ్లు



ఈసారి విషయం చూసి కొందరు నవ్వుతారు, కొందరు తల గోక్కుంటారు. బల్లార్షా జంక్షన్ గురించి, చాందా కోట గోడల గురించి రాసినప్పుడు ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. తలలో పేల గురించి రాస్తామని ఇంట్లో చెప్పగానే మా కోడలు, "అందరూ చదివే చోట అదేం రాత మామయ్యా?" అంది. ఆ ప్రశ్నే మా చేత ఇది రాయించింది.

రెండు ఆదివారాల క్రితం హాల్లో పిల్లల తెలుగు తరగతి జరుగుతోంది. తొమ్మిదేళ్ల పాప జడ రిబ్బను మీద ఒక పేను పాకడం ఎవరో చూశారు. టీ వచ్చేలోపు ఆ పాప పక్కన కూర్చున్న పిల్లల్ని తల్లులు ఒక్కొక్కరినే పిలుచుకున్నారు. చాప మీద ఆ పాప ఒక్కతే మిగిలింది. పలక ఒళ్లో పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. మేము కూడా అక్కడే ఉన్నాం. మా ఇద్దరిలో ఎవరమూ ఒక్క మాట అనలేదు. పోయిన ఆదివారం పాప తరగతికి రాలేదు. జుట్టు చెవుల దాకా కత్తిరించేశారని తర్వాత తెలిసింది.

మేము చదువుకున్నది అరవంలో. రైల్వే కాలనీలో ఉండేవాళ్లం, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరి ఇటు వచ్చాక, సిర్పూర్ టౌన్, సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్ బోర్డులు కూడబలుక్కుంటూ. కాబట్టి తప్పులుంటే మన్నించాలి. ఆ తమిళ బడిలో మాకు వచ్చిన సామెత ఒకటుంది. గోరంతను కొండంత చేసేవాళ్లను ఈరును పేను చేసి, పేనును పెరుమాళ్లను చేసేవాళ్లు అంటారు. ఆ రోజు మన హాల్లో జరిగింది అదే. నువ్వుగింజంత పురుగును మనమంతా కలిసి పెరుమాళ్లంత చేశాం.

ముందు ఈ పురుగు ఎంత పాత చుట్టమో చూద్దాం. మనం పేను అంటాం. తమిళంలో, మలయాళంలో పేన్. కన్నడంలో హేను. పెద్దలు మాటల వయసు కట్టేటప్పుడు, విడిపోయిన అన్నదమ్ముల భాషలన్నిటిలో ఒకే మాట ఉంటే అది వాళ్లు విడిపోకముందే ఉన్న మాట అంటారు. అంటే తెలుగు తెలుగు కాకముందే, అరవం అరవం కాకముందే మన ముత్తవ్వలు ఈ మాట అంటూ పిల్లల తలలు చూశారన్నమాట. గుడ్డును మనం ఈరు అంటాం, ఈపి అంటాం. తమిళంలోనూ ఈరే. ఇక్కడ మరాఠీ ఇళ్లలో పేనును ఊ అంటారు, ఎక్కువైతే ఉవా. గుడ్డు లీఖ్. ఆ లీఖ్ సంస్కృతంలోని లిక్ష నుంచి వచ్చింది, ఊ యూక నుంచి వచ్చింది.

ఈ లిక్షకూ యూకకూ ఒకప్పుడు సర్కారు లెక్కల్లో చోటుండేది. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలో కొలతలు చెప్పాడు. ఎనిమిది పరమాణువులు బండిచక్రం లేపిన ధూళికణం ఒకటి. అవి ఎనిమిదైతే ఒక లిక్ష. ఎనిమిది లిక్షలు ఒక యూక. ఎనిమిది యూకలు ఒక యవ గింజ నడిమి వెడల్పు. అలాంటివి ఎనిమిదైతే ఒక అంగుళం. గుమాస్తా బుద్ధి పోదు కాబట్టి లెక్క వేశాం: అంగుళానికి 64 పేలు, 512 ఈరులు. నేల కొలిచే అధికారి, గుడ్డ కొలిచే అధికారి అందరూ ఈ లెక్క నేర్చుకోవాల్సిందే. సిగ్గుపడే వస్తువైతే శాస్త్రంలో కొలబద్దగా పెట్టుకుంటారా? పంచతంత్రంలో మందవిసర్పిణి అనే పేను ఉన్నది కూడా రాజుగారి పాన్పులోనే. నల్లికి చోటిచ్చి పాపం ప్రాణం పోగొట్టుకుంది.

మనిషికీ పేనుకూ సంబంధం ఇంకా పాతది. చింపాంజీ ఒంటి మీద మన పేనుకు దాయాది ఉంది. మన పూర్వీకులూ వాటి పూర్వీకులూ వేరుపడ్డప్పుడే, సుమారు 60 లక్షల ఏళ్ల క్రితం, పేలు కూడా వేరుపడ్డాయని శాస్త్రజ్ఞులు డిఎన్ఏ చూసి చెబుతున్నారు. మనిషి బట్ట కట్టడం మొదలుపెట్టాక తలపేనుల్లో కొన్ని దిగి బట్టల మడతల్లో కాపురం పెట్టాయి. ఆ ఒంటిపేను ఎప్పుడు వేరుపడిందో లెక్క కట్టి, బట్ట ఎప్పుడు పుట్టిందో అంచనా వేస్తున్నారు. ఒక లెక్కలో 70 వేల ఏళ్లు, ఇంకో లెక్కలో 1 లక్షా 70 వేల ఏళ్లు.

ఇక దువ్వెన. ఇజ్రాయెల్ దేశంలో లాకీష్ అనే పాత పట్నం ఉంది. అక్కడి తవ్వకాల్లో 2016లో ఏనుగు దంతంతో చేసిన చిన్న దువ్వెన ముక్క దొరికింది. మూడున్నర సెంటీమీటర్ల పొడవు, బొటనవేలంత. ఒకవైపు ఆరు లావు పళ్లు చిక్కు తీయడానికి, మరోవైపు పద్నాలుగు సన్న పళ్లు పేలు తీయడానికి ఉండేవి. దాని మీద గీసిన సన్న అక్షరాలు కొన్నేళ్ల తర్వాతే కళ్లబడ్డాయి. 2022లో చదివి ప్రకటించారు. క్రీస్తుకు 1700 ఏళ్ల ముందుది అంటున్నారు. కనాను లిపిలో ఇంతవరకు దొరికిన మొట్టమొదటి పూర్తి వాక్యం అదే. అందులో దేవుడి పొగడ్త లేదు, రాజు బిరుదు లేదు. ఈ దంతం జుట్టులోని, గడ్డంలోని పేలను ఊడబెరుకుగాక అనే కోరిక ఉంది. ఏనుగు దంతం దువ్వెన వాడేది బీదవాళ్లు కాదు. కలవారి గడ్డంలోనూ పేలున్నాయి, దాన్ని రాసుకోవడానికి వాళ్లు సిగ్గుపడలేదు.

మన ఇళ్లలోని పాత పేలదువ్వెన తీసి చూడండి. లావు పళ్లు ఒకవైపు, సన్న పళ్లు ఒకవైపు. మూడువేల ఏడువందల ఏళ్లలో పనిముట్టు మారలేదు. మారనవసరం రాలేదు.

మన ప్రాంతం సంగతికి వస్తాం. కాజీపేట, బల్లార్షా మధ్య లైను 1929లో పూర్తయింది. అప్పటి నుంచి మద్రాసు నుంచి ఢిల్లీకి రైలు మన ఊరి మీదుగా వెళ్తోంది. బల్లార్‌పూర్ కాగితం మిల్లు, బొగ్గు గనులు, రైల్వే, ఈ మూడూ మన తెలుగువాళ్లను ఇక్కడికి తెచ్చాయి. అంతకుముందు నుంచీ ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. నదికి అవతల రాజురా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాలోదే కదా. క్వార్టర్ల వరుసల్లో ఒక్కో గదిలో ఏడుగురు, ఎనిమిదిమంది. పిల్లలు ఒకే బొంత మీద తలలు ఆనించి పడుకునేవాళ్లు. పేనుకు ఎగరడం రాదు, దూకడం రాదు. దానికున్నది ఆరు కాళ్లు, కాలికొక కొక్కెం. వెంట్రుక పట్టుకుని తల నుంచి తలకు నడిచిపోవడమే. తలలు ఆనిన చోటల్లా దానికి వంతెన వేసినట్టే.

మధ్యాహ్నం పనులయ్యాక మెట్ల మీద ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు కూర్చునేవాళ్లు. ముందు మెట్టు మీద చిన్న పిల్ల, దాని వెనక అక్క, అక్క వెనక అమ్మ, అమ్మ వెనక పక్కింటి అవ్వ. గూడ్సు బండి బోగీల్లా. ఒళ్లో తెల్లగుడ్డ. ఈర్పెన కుదురు నుంచి చివరికంటా లాగి గుడ్డ మీద దులపడం, రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య టప్పుమనిపించడం. పెళ్లి సంబంధాలు, చీటీ డబ్బులు, కోడళ్ల కష్టాలు అన్నీ అక్కడే తేలేవి. ఆ ఈర్పెనలు పూసలవాళ్లు తెచ్చేవాళ్లు. గంపలో పూసలు, పిన్నీసులు, సూదులు, రిబ్బన్లతో పాటు కర్ర ఈర్పెనలు, కొమ్ము ఈర్పెనలు ఉండేవి. ఆమె రాగానే పాత వెంట్రుకల చుట్ట ఇచ్చి కొత్త పిన్నులు తీసుకున్నవాళ్లు మనలో ఇంకా ఉన్నారు.

ఈర్పెన వల్ల ఎవరికీ హాని జరిగినట్టు మేము వినలేదు. హాని జరిగింది మందుల వల్ల.

మా చెల్లెలి సంగతి చెప్పాలి. అప్పుడు దానికి పదేళ్లు. బడిలో టీచరు దాని జుట్టులో ఈపులు చూసి వరుస ముందుకు పిలిచి, అందరికీ చూపించి ఇంటికి పంపించేసింది. ఏ బడో, ఏ టీచరో ఇక్కడ అనవసరం. అమ్మకు తలతీసేసినట్టయింది. ఆ రాత్రికి రాత్రే సీతాఫలం గింజలు నూరి కొబ్బరినూనెలో కలిపి తలకు పట్టించింది, గుడ్డ కట్టింది. సీతాఫలం గింజ పేలను చంపుతుంది, అది నిజమే. మన అడవుల నిండా ఆ చెట్లే కాబట్టి ఇక్కడా చాలామందికి ఈ వైద్యం తెలుసు. కానీ ఆ నూరిన పిండి చెమటతో పాటు నుదురు దిగి కంట్లో పడితే కంటి నల్లగుడ్డు పై పొరను కాల్చేస్తుంది. కంటి డాక్టర్లు ఇలాంటి కేసులు ఇప్పటికీ చూస్తున్నారు. తెల్లవారేసరికి చెల్లెలికి రెండు కళ్లూ తెరుచుకోలేదు. వారం రోజులు చీకటి గదిలో పడుకోబెట్టాం. నాయన డ్యూటీ మానేసి పక్కనే కూర్చున్నాడు. చూపు దక్కింది. కళ్లు నయమయ్యాక జుట్టంతా తీయించేశారు. ఆ సంవత్సరం అది మళ్లీ బడికి వెళ్లనంది. ఒక ఏడు చదువు పోయింది. పేను తాగిన రక్తం చుక్కలో వందో వంతు ఉండదు. మిగతా నష్టమంతా మనుషులు చేసిందే.

కిరసనాయిలు కూడా అంతే. ఇక్కడ ఘాస్‌లేట్ అంటారు. తలకు రాసుకుని పొయ్యి దగ్గరకు వెళ్లిన ఆడపిల్లల గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

తర్వాత డీడీటీ వచ్చింది. దానికి పురుగుల్ని చంపే గుణం ఉందని 1939లో స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ కనిపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 చివర్లో ఇటలీలోని నేపుల్స్ పట్నంలో టైఫస్ జ్వరం రేగింది. అమెరికా సైన్యం లక్షలమంది చొక్కాల్లోకి ఆ పొడి కొట్టించి జ్వరాన్ని ఆపింది. ముల్లర్‌కు 1948లో నోబెల్ ఇచ్చారు. మన దేశంలో 1953లో మలేరియా కార్యక్రమం మొదలయ్యాక పంపులు భుజాన వేసుకున్న మనుషులు ఇల్లిల్లూ తిరిగి గోడల మీద డీడీటీ చల్లి, తలుపు పక్కన తేదీ రాసి వెళ్లేవాళ్లు. అది దోమల కోసం. కానీ చాలా ఇళ్లలో అందులో ఓ పిడికెడు అడిగి డబ్బాలో దాచుకునేవాళ్లు, పిల్లల తలలకు. మా ఇంట్లోనూ ఆ డబ్బా ఉండేది, వంటగది అలమార్లో. తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది. ఆ తర్వాత గమాక్సిన్. అందులోని లిండేన్ మందును తలకు రాసే లోషనుగా అమ్మారు. అది నరాలకు హాని చేస్తుందని, నేలలో నీళ్లలో ఏళ్ల తరబడి మిగిలిపోతుందని తేలాక 2009లో స్టాక్‌హోం ఒప్పందం కింద నిషేధాల జాబితాలోకి ఎక్కింది. టీవీ వచ్చాక మెడికర్ షాంపూ ప్రకటనలు చూశాం. ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా రాసేది పర్మెత్రిన్. అది చాలావరకు క్షేమమే, కానీ చాలా దేశాల్లో పేలు దానికీ అలవాటుపడిపోయాయి.

అసలు పేనంటే ఇంత అసహ్యం ఎక్కడినుంచి వచ్చిందని ఆలోచిస్తే, ఆ టైఫస్ నుంచే కొంత వచ్చిందనిపిస్తుంది. జైళ్లలో, యుద్ధాల్లో, కరువు శిబిరాల్లో లక్షలమందిని చంపిన జ్వరం అది. పేను దాన్ని మోస్తుందని 1909లో ట్యూనిస్‌లో షార్ల్ నికోల్ రుజువు చేశాడు. 1928లో ఆయనకూ నోబెల్ వచ్చింది. కానీ ఆ పాపం బట్టల్లో ఉండే ఒంటిపేనుది. పిల్లల తలల్లో ఉండేది దాని అన్న. అది దురద పెడుతుంది, నిద్ర చెడగొడుతుంది, గోకితే పుండవుతుంది. అంతకుమించి రోగాలు మోసుకురాదు. తమ్ముడు చేసిన హత్యకు అన్నను, అన్నకు చోటిచ్చిన పాపం కొద్దీ పిల్లను శిక్షిస్తున్నాం. మురికికీ దీనికీ కూడా సంబంధం లేదు. రోజూ తలంటుకున్న జుట్టునూ పడుతుంది. మన చంద్రపూర్ 47 డిగ్రీల ఎండలో మనుషులం మాడిపోతాం కానీ అది జుట్టు నీడలో చల్లగా ఉంటుంది.

మరి జుట్టు తీసేస్తే పోదా? పోతుంది. చైత్రంలో మన మహాకాళి జాతరకు వచ్చి మొక్కు తీర్చుకునేవాళ్లను, తిరుపతిలో తలనీలాలిచ్చేవాళ్లను చూస్తాం. అది ఇష్టంగా ఇచ్చేది. దేవుడికి ఇచ్చింది మొక్కు అవుతుంది. పదిమంది నోళ్లకు భయపడి ఇచ్చింది శిక్ష అవుతుంది. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందని మన సామెత. భయానికి పెత్తనమిచ్చినా అంతే.

చరకుడు ఈ సంగతి ఎప్పుడో తేల్చాడు. విమానస్థానంలో ఒంటిపైన, జుట్టులో, గడ్డంలో, బట్టల్లో ఉండే పురుగుల్లో యూకను చెప్పి, చికిత్సలో మొదటి మాటగా అపకర్షణం అన్నాడు. అంటే లాగి తీసెయ్యడం. ఇప్పటి డాక్టర్లను అడిగినా దువ్వెనే చెబుతారు.

అది ఎందుకు పనిచేస్తుందో, ఎందుకు ఒకసారి చేస్తే చాలదో లెక్క చూస్తే అర్థమవుతుంది. ఆడపేను రోజుకు ఆరు నుంచి ఎనిమిది గుడ్లు పెడుతుంది. కుదురు దగ్గర వెంట్రుకకు జిగురుతో అంటిస్తుంది. గుడ్డు పిగలడానికి 7 నుంచి 10 రోజులు. పిల్ల పెద్దదై గుడ్లు పెట్టడానికి ఇంకో 9 నుంచి 12 రోజులు. మందు పేలను చంపినా గుడ్లన్నిటినీ చంపదు. వారం తర్వాత అవి పిగిలి మళ్లీ మొదలు. అందుకే మందు వాడితే తొమ్మిది, పది రోజులకు రెండోసారి వాడమంటారు. అందుకే దువ్వెన పని రెండు వారాలు సాగాలి. పిగిలిన పిల్ల పెద్దదై గుడ్డు పెట్టేలోపు దాన్ని దువ్వెనలో పట్టాలి. బండి ప్లాట్‌ఫారం వదలకముందే పార్సెల్ దించుకున్నట్టు.

పద్ధతి ఇది. తల తడిపి కొబ్బరినూనో కండిషనరో పట్టించి చిక్కు తీయాలి. జుట్టును పాయలు పాయలుగా విడదీసి, ఈర్పెనను కుదురుకు ఆనించి చివరికంటా లాగాలి. ప్రతిసారీ తెల్లగుడ్డకు తుడవాలి. మూడు, నాలుగు రోజులకోసారి, రెండు వారాలు. ఇంట్లో అందరి తలలూ అదే రోజు చూడాలి, నాన్నలవి కూడా. తల దాటిన పేను ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది కాబట్టి దిండు గలీబు, తువ్వాలు వేడినీళ్లలో ఉతికితే చాలు, ఇల్లంతా మందు కొట్టక్కర్లేదు. కుదురుకు పావు అంగుళం దాటి ఉన్న ఈరు దాదాపుగా ఖాళీ పెంకే, దాన్ని చూసి బెదిరిపోవద్దు. తలలో పుండ్లుంటే, చంటిపిల్లలైతే, గర్భిణులైతే డాక్టరును అడగాలి. సీతాఫలం గింజలు, ఘాస్‌లేట్, పొలం మందులు తలకు వద్దు. పిల్లను బడి మాన్పించొద్దు. పేను కనిపించేటప్పటికే నెల రోజులుగా ఆ తలలో ఉండి ఉంటుంది, ఆ నెలంతా అందరితో కూర్చునే ఉంది. ఈ కారణం మీద పిల్లల్ని బడికి దూరం చేయొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా చెప్పింది.

మొన్న బుధవారం మేమిద్దరం ఆ పాప ఇంటికి వెళ్లాం. ఆ రోజు నోరు మెదపనందుకు తల్లితో క్షమించమన్నాం. ఆమె టీ పెట్టింది. పాప తలుపు వెనక నుంచి రాలేదు. మా ఆవిడ తన జడ విప్పి, సంచిలోంచి ఈర్పెన తీసి, "నాకు చూస్తావా తల్లీ, కళ్లద్దాల్లో సరిగ్గా కనబడట్లేదు" అని పిలిచింది. కాసేపటికి వచ్చి వెనక కూర్చుంది. మా ఆవిడ తలలో రెండు దొరికాయి. పాప వాటిని లెక్కపెట్టి మాకు చూపించింది. మనవరాలి దగ్గర పడుకుంటే రావా మరి.

కాబట్టి సభ్యులకు మా మనవి. వచ్చే ఆదివారం పది స్టీలు ఈర్పెనలు తెస్తున్నాం. తరగతి అయ్యాక అరగంట, హాలు మెట్ల మీద, పాత రోజుల్లో లాగా ఒకరి వెనక ఒకరం కూర్చుందాం. ఎవరి తలలో ఎన్ని దొరికాయో ఎవరూ బయట చెప్పొద్దు. మొదటి మెట్టు మీద మేము కూర్చుంటాం. ఆ పాప వస్తానంది. చాప మీద దాని పక్కన మీ పిల్లల్ని కూర్చోబెట్టండి.

మీ ఇళ్లలో అవ్వలు వాడిన కర్ర ఈర్పెన గానీ కొమ్ము ఈర్పెన గానీ ఇంకా ఉంటే ఫోటో పెట్టండి. ఏ ఊరిదో, ఎవరి దగ్గర కొన్నదో తెలిస్తే రాయండి. అందరి చరిత్రా కలిపి ఒకచోట రాసి పెడదాం.